వేళ్ళ సందుల నెయ్యి

భూరిపుర రాజప్రాసాదంలోని వంటశాల పొగగొట్టం ఎంత వెడల్పంటే, అందులోంచి ఏనుగుపిల్లను దించినా పక్కలు రాసుకోవు. ఇప్పుడు అందులోంచి దిగుతున్నది ఏనుగుపిల్ల కాదు, నీలగంధి రాజ్యపు చిన్న రాకుమారుడు అరిందముడు. నడుముకు తాడు, పళ్ళ మధ్య బాకు, ఒళ్ళంతా మసి. ఉప్పుచౌడు ఎడారి దాటేటప్పుడు వెంట తెచ్చుకున్న అటుకుల మూట ఎప్పుడో ఖాళీ అయింది. కడుపు వెన్నుకు అంటుకుపోయింది. కింద పొయ్యిమీద మరుగుతున్న పప్పు వాసన ముక్కుకు తగిలేసరికి, రాక్షసులను చూసి బెదరని ఆ వీరుడి పట్టు సడలిపోయింది.

ధబ్బున వచ్చి వంకాయల తట్టలో పడ్డాడు.

"ఎవడ్రా నువ్వు? దొంగవా, దయ్యానివా?" అంటూ ఒకామె తెడ్డు ఎత్తింది. పేరు గౌరసాని. నడివయసు మనిషి. మోచేతులదాకా నూనె చిట్లిన మచ్చలు, కొంగు బొడ్డులో దోపి ఉంది. ఆ వంటశాలకు ఆమే పెద్ద.

అరిందముడు నోట్లోంచి బాకు తీసి, "కేకలు వేయకమ్మా. నేను పురంజయుడి తమ్ముణ్ణి. మా అన్న ఏడి?" అన్నాడు.

గౌరసాని తెడ్డు దించింది. "ఆ నీలగంధి పెద్ద దొరబాబా? సంధి మాట్లాడటానికని వచ్చాడు. మూడు బంతులు వరసగా కూచున్నాడు నాయనా! ఇంకేం మిగుల్తాడు? బానయ్యాడు."

"బానా?"

"బానే. ఇంత పొట్టేసుకుని, ఇంత మూతి పెట్టుకుని మట్టి బాన. పక్క మండపంలో వరసన పెట్టించాడు ఆ బక్క మాంత్రికుడు. ఇవాళ పొద్దు గుంకగానే మూతులకు లక్క పోసేస్తాడంట. లక్క పడిందా, ఇంక మీ అన్న మీ అన్న కాడు."

"అయితే పగలగొట్టి తీస్తాను."

"పగలగొడితే బానతోపాటు ప్రాణమూ పోద్ది. నీకంటే ముందు ఇద్దరు ముగ్గురు తెలివైనోళ్ళు ఆ పనే చేశారు, పెంకులు ఏరుకుని ఏడుస్తా పోయారు."

ఇక్కడ భూరిపురం సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఈ బానల గొడవ ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ముత్యాల తోరణాలు వేలాడే ప్రాకారాలు, ప్రతి గోపురం మీదా లడ్డూ ఆకారంలో మెరిసే బంగారు కలశాలు, వీధి వీధికీ పన్నీటి కాలువలు, మేడల అంచుల మీద కూర్చుని "దయచేయండి, విస్తళ్ళు వేశాం" అని పిలిచే పంచవన్నెల చిలకలు. చూడబోతే ఇంద్రుడి రాజధాని దీని ముందు పాక. కానీ ఆ నగరంలో పుట్టి తృప్తిగా త్రేన్చిన మనిషిని మాత్రం ఎవరూ చూసి ఎరగరు. పైన పటారం లోన లొటారం అంటే అదే.

ఆ ఊరి మర్యాద ఒకటుంది. వడ్డించేవాడు దగ్గరకు రాగానే తినేవాడు "చాలు చాలు" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. అలా వద్దనడం పెద్దమనిషి తరహా. అయితే వేళ్ళు మాత్రం దగ్గరకు చేర్చకూడదు. వాటి సందుల్లోంచి నెయ్యి ధారగా కిందికి జారాలి. నోటితో వద్దన్నట్టూ ఉండాలి, విస్తట్లో పడ్డట్టూ ఉండాలి. అన్నప్రాశన నాడే పసివాడి వేళ్ళు విడదీసి ఈ విద్య మొదలుపెట్టేవారు. పెళ్ళిచూపుల్లో వరుడి గుణమూ చదువూ ఎవరికీ అక్కర్లేదు, వేళ్ళ మధ్య ఎడం ఎంతుందో చూసి పిల్లనిచ్చేవారు. ఇంత నీతిమంతులైన జనాన్ని మింగడానికి కృశకంకాళుడి లాంటి మాంత్రికుడు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

వాడు వచ్చాడు. ఎండిన మునక్కాడలాంటి మనిషి. నోట మెతుకు పెట్టుకోగా ఎవరూ చూడలేదు. వాడి తిండి వేరు, ఎదుటివాళ్ళ తీరని ఆకలే వాడికి బలం. ఎంత వడ్డించినా తరగని గరిటె ఒకటి తెచ్చి రాజు బృహద్భోగుడికి చూపించాడు. రాజు ఎగిరి గంతేశాడు, అంటే ఎగరబోయాడు, పొట్ట ఎగరనివ్వలేదు. ఆనాటినుంచి రాజమందిరంలో రోజూ విందే. చాలని అబద్ధమాడి సందుల్లోంచి నెయ్యి వదిలినవాడు కాళ్ళ దగ్గర్నుంచి మట్టిగా మారుతూ పోయి, చివరికి బానై కూర్చుంటాడు. జనం బెదిరిపోయారనుకుంటున్నారా? ఆ స్థితికి ఘటసిద్ధి అని పేరు పెట్టుకున్నారు. "మా నాన్నగారికి మొన్న ఘటసిద్ధి కలిగింది, మీవారింకా మనిషిగానే ఉన్నారా పాపం?" అని పేరంటాల్లో ఆడవాళ్ళు ఎత్తిపొడుచుకునేవారు.

గౌరసాని రాకుమారుడి మొహం మసి తుడిచి, తలకు గుడ్డ చుట్టి, పంచె ఎగగట్టి వడ్డనవాడి వేషం వేసింది. మండపంలోకి పోవాలంటే భోజనశాల దాటాలి, దాటాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నేతి గిన్నె చేతికిచ్చింది. "తలెత్తకుండా పో. ఎవురు ఏమన్నా ఊఁ అను" అని తోసింది.

భోజనశాల చివర కనపడలేదు. వెండి పీటల మీద భూరిపుర పెద్దలు వరసలు తీరి ఉన్నారు. వజ్రపు ఉంగరాలు, చెమట పట్టిన బుగ్గలు, పట్టుపంచెల మీద జారిన పాయసం. వరస మొదట్లో మంత్రి స్థూలకర్ణుడు కూర్చున్నాడు.

"అబ్బెబ్బే, చాలు నాయనా, చాలు చాలు!" అన్నాడు మంత్రి, బాతు పాదంలా వేళ్ళు విప్పిన చెయ్యి అడ్డం పెట్టి.

అరిందముడు గిన్నె వంచాడు. నెయ్యి నాలుగు సందుల్లోంచి నాలుగు ధారలుగా దిగింది. కింద ఏదో చిటపటలాడింది. వంగి చూస్తే మంత్రిగారి కాలివేళ్ళు ఎర్రమట్టిగా మారిపోతున్నాయి. చూస్తూండగానే మట్టి చీలమండ దాటింది. మంత్రికి ఆ ధ్యాసే లేదు, ముద్ద కలుపుకుంటున్నాడు. పక్కనున్నవాడు మాత్రం తొంగి చూసి, "అదృష్టవంతుడు! అప్పుడే పిక్కదాకా వచ్చింది. ఓయ్, ఇటు కూడా పొయ్యి. ఈ చిటికెన వేలి పక్కన చోటుంది" అన్నాడు.

అరిందముడు గిన్నె వెనక్కి తీసుకున్నాడు. వీళ్ళా మనుషులు? గేదె కూడా కడుపు నిండితే గడ్డి వదిలేసి నెమరేసుకుంటుంది. గిన్నె నిటారుగా పట్టుకుని, ఒక్క చుక్క రాల్చకుండా, అసహ్యంతో పళ్ళు కొరుకుతూ వరస వెంట మండపం వైపు నడిచాడు. అసహ్యం మంచిదే గాని దాన్ని ముఖం మీద అంత ఇదిగా చూపించకూడదు. వెనకనుంచి "నెయ్యేదీ? నెయ్యి పొయ్యడేం?" అని కేకలు మొదలయ్యాయి.

రాజు పక్కన నిలబడ్డ కృశకంకాళుడు తల తిప్పాడు. "అడిగినా పొయ్యని వడ్డనవాడు భూరిపురంలో పుట్టడే! పట్టుకోండి వాణ్ణి!"

మాంత్రికుడు చప్పట్లు చరిచేసరికి వంటింటి రుబ్బురోళ్ళలోంచి పొత్రాలు లేచి దొర్లుకుంటూ వచ్చాయి. బుట్టల్లోంచి అప్పడాలు చక్రాయుధాల్లా గిర్రున తిరుగుతూ మెడమీదికి వచ్చాయి. అరిందముడు నేతి గిన్నె నేలకేసి కొట్టాడు. వెంటపడ్డ భటులు ఒకడిమీద ఒకడు జారిపడ్డారు. పొత్రాలు వాళ్ళమీదనుంచి దొర్లిపోయాయి. అతను విస్తళ్ళ మీదుగా అంగలు వేస్తూ, వరస చివరి పెద్దమనిషి బట్టతలను మెట్టుగా చేసుకుని ఎగిరి, పైనుంచి వేలాడుతున్న మల్లెదండ పట్టుకుని ఒక్క ఊపుతో మండపంలోకి దూకాడు. తొక్కిన విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు కదల్లేదు, "ఆ పాయసం పారబోశాడు, మళ్ళీ వెయ్యండి" అన్నారు.

మండపం నిండా బానలే. నిండుకుండ తొణకదంటారు. ఇవి నిండేవీ కావు, ఊరుకునేవీ కావు. ప్రతి మూతిలోంచీ "ఇంకా, ఇంకా" అని గొణుగుడు.

"అన్నా! పురంజయా!" అని అరిచాడు అరిందముడు.

"ఇంకా!" అన్నాయి బానలన్నీ.

వెతకడం ఎలాగో తెలియక నిలబడిపోయాడు. అంతలో స్తంభం వెనకనుంచి తెలిసిన గొంతు వినపడింది. "ఎవరు, తమ్ముడా? వచ్చావా నాయనా! ఎంత చిక్కిపోయావో గాని, మాట సన్నబడింది. వచ్చినవాడివి ఉత్త చేతుల్తో రాలేదు గదా? ఏమన్నా తెచ్చావా తినడానికి?"

అరిందముడు పరుగున వెళ్ళి ఆ బానను కావలించుకున్నాడు. గుర్రపుస్వారీ నేర్పిన అన్న, జ్వరం వస్తే మంచం పక్కన కూర్చున్న అన్న ఇలా మట్టి పొట్టతో, మూతితో గోడవార కూర్చుని ఉంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఒళ్ళుమండిపోయింది కూడా.

"నీకు సిగ్గు లేదా అన్నా! నాన్న అక్కడ మంచం పట్టాడు. నువ్వేమో ఇక్కడ..."

"తిడితే తిట్టు గాని, ఆ బొబ్బట్ల వాసన ఎటునుంచి వస్తోందో చూడు" అంది బాన.

అదే క్షణాన మాంత్రికుడి పొడుగాటి బంగారు గరిటె కాడ పాములా సాగి వచ్చి అరిందముడి మెడకు చుట్టుకుంది. గుంజిన గుంజుడుకు అతను నేలమీద జరజరా ఈడ్చుకుంటూ వచ్చి రాజు పక్కనున్న పీట మీద పడ్డాడు. ఎదుట పచ్చటి అరిటాకు.

"చంపరా చంపు, ఎందుకాలస్యం?" అన్నాడు అరిందముడు.

కృశకంకాళుడు నవ్వాడు. నవ్వితే వాడి బుగ్గల్లో ఎముకలు కదిలాయి. "చంపితే నాకేం వస్తుందిరా రాకుమారా? చచ్చినవాడికి ఆకలుండదు. ఆకలిగొన్నవాడిలా ఉన్నావు, భోంచెయ్యి. భోంచేశాక నా చేత్తో నేనే వడ్డిస్తాను. నీ చెయ్యి దాటి ఒక్క చుక్క కూడా ఆకులో పడకపోతే మీ అన్న బాన నీది, ఎత్తుకుపో. పడిందా, మీ అన్న పక్కనే నీకూ చోటు చూపిస్తా."

"మాట తప్పవుగా?"

"విస్తరి ముందు చెప్పిన మాట నేను తప్పలేను. నా మంత్రానికి అదొక్కటే కట్టు."

అరిందముడు మనసులో వెక్కిరింతగా నవ్వుకున్నాడు. నాలుగు వేళ్ళు దగ్గరకు పెట్టడం ఏం బ్రహ్మవిద్య? ఈ బానపొట్టలకు చేతకాకపోతే నీలగంధి యువకుడికి చేతకాదా? యుద్ధంలో కత్తి పట్టిన చెయ్యి ఇది. ఇలా అనుకునేవాళ్ళ కోసమే మాంత్రికులు గోతులు తవ్వుతారు. కానీ అప్పుడతనికి ఆ సంగతి చెప్పినా వినేవాడు కాదు.

గౌరసాని అన్నం పెట్టింది, ముద్దపప్పు వేసింది, పక్కన ఇంత గోంగూర. ఆకలి రుచి ఎరుగదంటారు గాని అరిందముడి ఆకలి ప్రతి రుచినీ ఎరిగింది. మొదటి ముద్దకు కళ్ళు మూతపడ్డాయి. ఎడారిలో ఎండిన నాలుక మీద పప్పు కమ్మదనం, ఆ వెనకే గోంగూర పులుపు. పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి ఒళ్ళు తేలికపడింది. చివరి మెతుకు ఏరుకుని తిని, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి, "కానివ్వరా కంకాళా" అన్నాడు.

మాంత్రికుడు నెయ్యి పోశాడు. వేళ్ళు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. నెయ్యి చేతి మీదనుంచి పక్కకు కారింది.

"భేష్! నేతికి లొంగేరకం కాదు. ఇది చూడు" అని వాడు గరిటె మళ్ళీ వంచాడు. ఈసారి గరిటెలో నెయ్యి లేదు. అందులో తళతళలాడే నీలగంధి సింహాసనం ఉంది. దానిమీద అరిందముడే కూర్చుని ఉన్నాడు. సేనలు జయజయధ్వానాలు చేస్తున్నాయి. తండ్రి నీరసంగా లేచి వచ్చి అతని తలమీద కిరీటం పెడుతున్నాడు.

"మీ అన్న బానైతే నీకొచ్చే నష్టమేమిటి? పెద్దవాడు లేడు, రాజ్యం చిన్నవాడిది. మీ అన్నను నువ్వు వద్దనక్కర్లేదు. నువ్వేం పాపం చేయనక్కర్లేదు. ఒక్క చుక్క. అంతే."

"ఛీ! నాకక్కర్లేదు. చాలు!" అన్నాడు అరిందముడు.

నోరు చెప్పింది. చెయ్యి వినలేదు. అతని చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య నువ్వుగింజంత సందు వచ్చింది. అక్కడినుంచి బంగారు చుక్క ఒకటి దిగి, ఆకు మీద పడీ పడకుండా వేలి కింద వేలాడింది. ఎడమ మడమ చురుక్కుమంది. తడిమి చూసుకుంటే మట్టి.

పక్కనుంచి గుటకలు మింగుతున్న శబ్దం వినిపించి తల తిప్పాడు. బృహద్భోగ మహారాజు తన పీట మీదనుంచి ముందుకు వాలి, వేళ్ళన్నీ విప్పిన చెయ్యి గరిటె కిందికి చాపుతున్నాడు. "చాలు చాలు, వద్దు వద్దు, ఆ సింహాసనం ఇటు పొయ్యవయ్యా, ఆ అబ్బాయికి ఇష్టం లేనట్టుంది!" అంటున్నాడు. రాజుకు నడుందాకా మట్టి వచ్చేసింది. ఆయనది అంతకు ముందే ఒక సింహాసనం ఉంది. దానిమీద సరిగ్గా పట్టడం లేదు కూడా.

అరిందముడికి ఫక్కున నవ్వొచ్చింది. ఎంత సిగ్గుమాలిన చెయ్యి! కడుపులో చోటు లేదు, పీట మీద చోటు లేదు, ఇంకా చాపుతూనే ఉంది. నవ్వుతూ నవ్వుతూ తన చేతికేసి చూసుకున్నాడు. రాజు చేతికీ దీనికీ తేడా కొలతలోనే ఉంది. ఇందాకటినుంచి వరసన కూర్చున్న వాళ్ళందరినీ చూసి చీదరించుకున్నవాడు ఇప్పుడు తనను చూసుకుని చీదరించుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

గరిటె మళ్ళీ వంగుతోంది. పళ్ళు బిగించి వేళ్ళు మూయబోయాడు. బిగించినకొద్దీ అవి విడిపోతున్నాయి. కండబలానికి లొంగే పని కాదది. అప్పుడు అతనికి ఉన్నట్టుండి ఒక చాలా మామూలు సంగతి తెలిసొచ్చింది. కడుపు నిండింది. నిజంగానే నిండింది. పొద్దున్నుంచి ప్రాణం తోడేసిన ఆకలి ఇప్పుడు లేదు. అది పోయిన సంగతి కూడా గమనించకుండా సింహాసనం కేసి చూస్తున్నాడు. ఇంత అన్నం ఎవరు పెట్టారు? ఈ మునక్కాడ గాడు కాదు, వీడికి పొయ్యి ఎటు ఊదాలో కూడా తెలియదు.

అరిందముడు మాంత్రికుణ్ణి వదిలేసి వంటశాల గుమ్మం కేసి తిరిగాడు.

"అమ్మా! గౌరసానమ్మా! పప్పు చాలా బాగుంది. పొద్దున్నుంచి ఆకలితో చచ్చిపోతున్నాను. కడుపు నిండా పెట్టావు. నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ."

భూరిపురంలో ఈ మాట ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు. అక్కడ "ఇంకా తే" అనేది ఒక్కటే వంటవాళ్ళకు తెలిసిన మాట. గౌరసాని తెడ్డు జారవిడిచింది. చిట్లిన మచ్చలున్న చేతుల్ని ఒకసారి చూసుకుని, "ఎవుర్ని, నన్నేనా?" అంది. తర్వాత గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు అరిందముడికి తగిలిన చోట ఏదో స్థిమితపడింది. ఆకు మీదికి చూస్తే చెయ్యి దానంతటదే మూసుకుని ఉంది, వేలాడుతున్న చుక్క ఆకు మీద పడకుండానే ఇంకిపోయింది. బిగింపు కూడా లేదు, నిద్రపోతున్న పసివాడి గుప్పిటంత మెత్తగా ఉంది.

గరిటె వంగింది. అందులో ఏ రాజ్యమూ కనపడలేదు. అడుగంటిన మసి మాత్రం అతని చేతి మీద రాలింది.

"వెధవా! అన్నం పెట్టిన పుణ్యం నాకు దక్కకుండా చేస్తావా!" అని కృశకంకాళుడు గంతులేశాడు. వాడి కోపం గరిటెలోంచి పొంగి పక్కనున్న రాజుమీద పడింది. బృహద్భోగుడు "చాలు చా..." అంటూనే బానయ్యాడు. సభలో ఎవరో చప్పట్లు కొట్టారు, "ఘటసిద్ధి, ఘటసిద్ధి!" అని.

మాట ఇచ్చాడు గనక మాంత్రికుడు అడ్డురాలేకపోయాడు. "బాన ఎత్తుకుపో అన్నాను. తెరుస్తానని అనలేదు" అని మాత్రం పళ్ళు నూరుతూ చెప్పాడు.

"తెరవడం ఎలా?"

"లోపలివాడు మూసుకోవాలి చెయ్యి. బయటివాడు కాదు. పొద్దుగుంకే లోపల మీ అన్నకు బుద్ధి చెప్పుకో, చూద్దాం."

ఎడమ మడమ ఇంకా మట్టిగానే ఉంది. కుంటుతూ కుంటుతూ అరిందముడు అన్న బానను దొర్లించాడు. గౌరసాని వెనకాలే వచ్చింది. "నా బతుకులో ఒక్కడు మెచ్చుకున్నాడు, వాణ్ణి కూడా పోగొట్టుకుని ఈ బానలకు వండుకుంటా కూచుంటానా" అని కొంగు బిగించింది. వంటశాల వెనక గంజి కాలువ ఉంది. భూరిపురంలో పారబోసే గంజి ఏటిలా ప్రవహించి కోట దాటి నదిలో కలుస్తుంది. ఇద్దరూ ఒక పెద్ద కొయ్య తొట్టెలో బాననెక్కించి, తెడ్లు వేసుకుంటూ ఆ తెల్లటి కాలువలో జారిపోయారు. కోటగోడ కింద సొరంగంలో తలలు వంచుకున్నారు. ఆవలి వైపున కాలువ జలపాతంలా దూకింది. తొట్టె గాలిలో ఎగిరి, రెండు పిల్లిమొగ్గలు వేయబోయి, నదిలో చదునుగా పడింది.

పొద్దు వాలుతోంది. నది ఎర్రగా ఉంది. ఆవలి ఒడ్డు చేరితే నీలగంధి పొలిమేర.

"అన్నా, విను. ఒక్కసారి చాలనుకో. నిజంగా అనుకో. నువ్వు తిన్నావు, కడుపు నిండింది. ఇంటికి పోదాం. నాన్న ఎదురుచూస్తున్నాడు."

"అనుకుంటున్నాను తమ్ముడూ. నిజంగానే. నువ్వొచ్చావు, నాకదే పదివేలు. నీలాంటి తమ్ముడు ఎవడికుంటాడు?" అంది బాన. గొంతు తడిగా ఉంది. బాన పొట్టమీద ఒక వెంట్రుకవాసి పగులు కనిపించింది. ఆ పగుల్లోంచి వేడి ఊపిరి తగిలింది. గౌరసాని చేతులు జోడించింది.

అప్పుడు వెనక ఒడ్డునుంచి బొబ్బట్ల వాసన వచ్చింది.

కృశకంకాళుడు నదీతీరాన పొయ్యి రాజేసి కూర్చున్నాడు. ఒక చేత్తో పెనం మీద బొబ్బట్టు తిప్పుతున్నాడు. రెండో చేతిలో సలసల కాగుతున్న లక్క గరిటె ఉంది. కేకలు వేయలేదు, మంత్రాలు చదవలేదు. బొబ్బట్టు మీద ఇంత నెయ్యి వేసి ఊరుకున్నాడు.

బాన పొట్టమీది పగులు మూసుకుపోయింది.

"వద్దన్నా!" అని అరిందముడు దానిమీద పడ్డాడు. అప్పటికే అది ఒక ఊపు ఊగి తొట్టె అంచు దాటింది. నీళ్ళలో పడి మునగలేదు. ఖాళీ బాన మునగదు గదా. మూతి ఆ ఒడ్డు కేసి తిప్పుకుని, ప్రవాహానికి ఎదురుగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు పోసాగింది.

"పోనీ నాయనా, పోనీ! వాడికే బుద్ధి లేకపోతే నువ్వేం చేస్తావు!" అని గౌరసాని అతని పంచె పట్టుకుంది.

పంచె చిరిగి సగం ఆమె చేతిలోనే ఉండిపోయింది. అరిందముడు నదిలోకి దూకి, మట్టి మడమ కిందికి లాగుతుంటే ఈదుకుంటూ వెళ్ళి, రెండు చేతుల్తో బాన మెడ పట్టుకున్నాడు. బాన ఆగలేదు. అతన్ని కూడా లాక్కుపోతోంది.

"వచ్చావా తమ్ముడూ?" అంది బాన సంతోషంగా. "వదలకు, గట్టిగా పట్టుకో. ఒక్క బొబ్బట్టు తినేసి వెళ్ళిపోదాం. నీక్కూడా సగం పెడతాను."

"నాకు చాలన్నా" అన్నాడు అరిందముడు. నీళ్ళు నోట్లోకి పోతున్నాయి. మెడ మాత్రం వదలలేదు. ఒడ్డు దగ్గరవుతోంది, మాంత్రికుడు లక్క గరిటె పట్టుకుని లేచి నిలబడ్డాడు.